తొలి నొక్కు

కావలి నుంచి తుమ్మలపెంట పోయే రోడ్డులో
ఐసు ఫ్యాక్టరీ గోడకి ఆనించిన రేకుల షెడ్డు మాది.
బోర్డు మీద పేరు ఉప్పుగాలికి పెచ్చులూడి
కరీముల్లాలో ముల్లా ఒక్కటే మిగిలింది.
మేస్త్రీ మళ్లీ రాయించలేదు.
"బండి నడిపించుకొచ్చేవాడికి
దారి తెలిసే ఉంటాదిలేరా" అంటాడు.

ఆ పొద్దు పోలయ్య బండి వచ్చింది.
జువ్వలదిన్నె నుంచి తెల్లారకముందే
చేపల ట్రేలు మోసే బండి.
సీటు తోలులో వంజరం వాసన,
ముందు చక్రం తిప్పితే అర చుట్టు తిరిగి ఆగిపోతోంది.
"పట్టుకోవడం వచ్చు దీనికి,
వదలడం మర్చిపోయింది" అన్నాడు మేస్త్రీ.

కాలిపర్ నా చేత విప్పించాడు.
ప్యాడ్లు రెండూ అరచేతిలో పెట్టాడు.
ఒకటి అప్పడం, ఒకటి పలక.
ఎందుకో చెప్పమన్నాడు. తెలీదన్నాను.
జారాల్సిన పిన్ను లాగి చూపించాడు,
తుప్పు, తుప్పు కింద తెల్లగా ఏదో.
నాలిక్కి ఆనించి చూడమన్నాడు.
చూశాను.
సముద్రమే.

పిస్టన్ చుట్టూ ఒక రబ్బరు రింగు ఉంటుంది.
లివరు నొక్కితే పిస్టన్ ముందుకి పోతుంది,
రింగు దానితోపాటు కొంచెం ఒరుగుతుంది.
వదలగానే తన ఆకారం గుర్తొచ్చి
పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి తెచ్చుకుంటుంది.
అంతే. స్ప్రింగు లేదు, కొక్కెం లేదు.
రెండేళ్లుగా నేనా రింగుని
నూనె కారకుండా ఉండేదనే అనుకున్నా.
హైవే మీద ఇన్ని బళ్లు సాఫీగా పోవడం
ఆ వెంట్రుకవాసి పుణ్యమని
ఆ పొద్దే తెలిసింది.

కొత్త రింగు, పిన్నులకి గ్రీజు.
"ఆ వేలితో ప్యాడు ముట్టుకున్నావా..."
అని సగంలో ఆపాడు. పోయి చేతులు కడుక్కొచ్చా.
నూనె సీసా మూత అప్పుడే తీయాలి, అప్పుడే పెట్టాలి.
"దీనికి దాహం జాస్తి. మన గాలి తాగీ తాగీ
నీళ్లయిపోద్ది."
నిపుల్‌కి ట్యూబు, ట్యూబు చివర పాత సోడా సీసా.
నేను నొక్కి పట్టాలి, ఆయన విప్పి బిగించాలి.
నొక్కు. పట్టు. ఇప్పుడు వదులు.
రాగి గింజలంత బుడగలు,
తర్వాత ఆవగింజలంత,
తర్వాత చాలాసేపటికి ఒక్కటి.
అది కూడా పోయాక లివరు నా వేళ్ల కింద
రాయిలా నిలబడింది.

మేస్త్రీ అసర్ నమాజుకి పోయాడు.
అప్పుడు చూశా, ప్యాడు క్లిప్పు బెంచీ మీదే ఉంది.
విప్పాను. చెక్కముక్కతో పిస్టన్ లోపలికి తోశాను.
క్లిప్పు పెట్టి బిగించాను.
తాళం చెవి పోలయ్యకిచ్చి
అంతా అయిపోయిందన్నాను.

లోపలికి తోసిన పిస్టన్ తిరిగి ప్యాడు దాకా రావాలంటే
నాలుగు నొక్కులు కావాలి.
తొలి నొక్కు ఖాళీ.
ఆ నాలుగూ నేను నొక్కలేదు.

కాలవ మలుపులో దిగిన పోలయ్య
బండి తోసుకుంటూ వచ్చాడు,
మోకాలి దాకా బురద, ట్రేలు రెండు తక్కువ.
"మూడోసారికి పట్టింది అబ్బయ్యా" అన్నాడు, అంతే.
తిట్టి ఉంటే బాగుండేది.
మేస్త్రీ వచ్చి లివరు ఒకసారి నొక్కాడు,
బెంచీ మీద చెక్కముక్క చూశాడు.
పోలయ్యకి ట్రేల డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు.
నన్నేమీ అనలేదు.
రాత్రి షట్టరు దించేటప్పుడు మాత్రం
"రేపటి నుంచి నువ్వు బిగించిన బండిని
ఈ రోడ్డు చివరిదాకా నువ్వే తోలి రా" అన్నాడు.

ఇప్పటికీ తెల్లారుజామున నాలుగింటికి
ఐసు కోసం ఆగుతాడు పోలయ్య.
బండెక్కి, కిక్కు కొట్టే ముందు
బ్రేకు నాలుగుసార్లు నొక్కుతాడు,
షెడ్డు ముందు నిలబడ్డ నాకు వినపడేట్టు.
నేను లోపల లెక్కపెట్టుకుంటాను.
నాలుగోది వినపడ్డాక
లైటు వేస్తాను.