పన్నెండేండ్ల గడియారం

ఆగస్టు ఆరు. ఏడున్నరకే
నల్లగొండ గడియారం సెంటర్ల నా డ్యూటీ.
ఏటా వచ్చే ఆ ఐదుగురిని లెక్కబెట్టాలె,
రాసి పైకి పంపాలె.

నినాదాలు: లేవు.
జెండాలు: లేవు.
మైకు: లేదు.
మొదటేడు సీఐ సారు కాగితం చూసి
"మరి ధర్నా ఎట్లయితదయ్యా ఇది?" అన్నడు.
"నిలబడుతరు సార్, గంట సేపు" అన్న.
అంతకన్న నాకూ తెల్వదు.

ఎనిమిదింపావుకు
వాచీల మొయినుద్దీన్ సాబు సంచిలోంచి
గోడగడియారం తీసి, వెనుక సెల్లు పీకుతడు.
ముల్లు ఆగుతది.
సముద్రాల అవతల ఒక ఊరు
ఆ నిమిషానికే మసైపోయిందట.
ఆటోలు ఆగవు. దేవరకొండ బస్సు ఆగదు.
బజ్జీల మూకుడు సుయ్యిమంటనే ఉంటది.
ఐదుగురే ఆగుతరు.
అండ్ల ఆస్పత్రి ఆయా సైదమ్మ ఒకతె,
కాలేజీ పిల్ల ఇంకొకతె.
ఏటా పిల్ల మారుతది, లెక్క మారది.

కేతావత్ జమ్కూబాయి చేతిల రాయి.
అప్పడాల కర్రంత, గుండ్రంగ, నున్నగ.
తండా వెనుక గుట్టను తొలిచినప్పుడు
బోరు మిషను కక్కిన ముక్క.
కరెంటు కోసమే అన్నరట వచ్చినోళ్ళు.
"కరెంటుకు పోతవా బాంబుకు పోతవా అని
తవ్వినంక రాయినడుగుతరా?" అన్నదట ఈమె.
తండా ఆడోళ్ళు బోరు చుట్టూ పొయ్యిలు పెట్టి
పదకొండు రోజులు జొన్నరొట్టెలు కాల్చిన్రు.
మిషనోళ్ళకు గూడ పెట్టిన్రు, పచ్చి మిరపకారంతోని.
పోరగాండ్లు ఉడుకుతుంటే ఒకటే మాట:
"రాయెత్తకుండ్రి.
రాయిలనే ఉన్నది కదా లొల్లంత."

డ్రాయింగు సారు బిక్షమయ్యకు మెడ తిరగదు.
ఎవరన్న పిలిస్తే మనిషంతా తిరగాలె.
మర్రిగూడ దిక్కు బోరునీళ్ళు తాగి పెరిగిన ఎముకలు.
"కంటికి కనబడనిది నీళ్ళల్ల కలుస్తదని,
బొక్కలల్ల ఇల్లు కట్టుకుంటదని
వేరే జిల్లాలోళ్ళకు చెప్పాలె.
మనకు చెప్పాల్నా, పోలీసన్నా?"

ఒకేడు పైనుంచి ఆర్డరొచ్చింది, లేపమని.
కూసున్నరు. తిట్టలే. గింజుకోలే.
సారును నేనే ఎత్తిన.
తలుపుచెక్క లేచినట్టు
వంపు లేకుండ లేచిండు. బరువన్నదే లేదు.
వ్యానెక్కిస్తుంటే నా చెవుల అన్నడు:
"మెల్లగ నాయనా, నీ నడుం పట్టుకుంటది."
ఆ రాత్రి అన్నం కలుపుకొని
చాన సేపు అట్లనే కూసున్న.

తొమ్మిదింపావుకు సాబు సెల్లు పెడుతడు.
ముల్లు కదులుతది, ఎక్కడ ఆగిందో అక్కడ్నుంచే.
"టైం సరిజెయ్యవా సాబ్? వాచీల దుకాణం నీది."
"చెయ్య. ఏటా ఒక గంట ఆ ఊరికి బాకీ.
పన్నెండేండ్లకు దానంతటదే సరైతది."

ఇయ్యాల ఏడో యేడు.
సారు రాలేదు. ఇగ రాడు.
ఎండాకాలంల పాడె మీద గూడ
మెడ ఒక పక్కకు తిప్పలేకపోయిన్రట.
నలుగురూ నిలబడ్డరు, నడుమ
ఒక మనిషి పట్టే జాగ ఇడిసి.

ఎవడో బండి తెచ్చి ఆ జాగల స్టాండేసిండు.
వాళ్ళు మాట్లాడరు, గంట కాలేదు కదా.
నేనే పోయిన.
"తియ్ తమ్మీ. అక్కడ మనిషున్నడు."
వాడు నన్ను, ఖాళీ జాగను చూసి
నూకుకుంట పోయిండు.

హాజరు: అని రాసి
పెన్ను చాన సేపు పట్టుకున్న.
సాబు చేతిల గడియారం
రెండుంపావు చూపిస్తున్నది.
నా రిటైర్మెంటుకు ఇంక నాలుగేండ్లు.
దానికి ఐదు.
ఆ ఒక్క యేడు
ఎవరు లెక్కబెడుతరో.