పదిహేడో క్యాసెట్, బి వైపు

మొత్తం నలభై ఒకటి.
చెప్పుల డబ్బాలో వరసగా, ఒక్కోదాని మీదా నా చేతిరాత:
తేదీ, చోటు, ఆ రాత్రి వాన పడిందా లేదా.

ఎస్పీ రోడ్డులో ఆంప్లిఫయర్లకు టంకం పెట్టేవాణ్ణి,
ఇంగ్లీషు పాటలేం తెలుసు నాకు?
ఎర్త్ సరిగా కుదరక గుయ్యిమనే మోత
ఏ తీగ దగ్గర పుడుతోందో, అది తెలుసు.
అందుకే పిలిచేవాళ్ళు. వెళ్ళినవాణ్ణి ఊరికే కూర్చోలేక
రికార్డరు నొక్కేవాణ్ణి.

వాళ్ళు వాయించింది వాళ్ళది కాదు.
సముద్రాల అవతల ఎప్పుడో విడిపోయిన నలుగురిది.
ఆ నలుగురి జుట్టు, ఆ నలుగురి కోట్లు,
పాటకూ పాటకూ నడుమ నీళ్ళు తాగే తీరుతో సహా
అచ్చు గుద్దినట్టు దించాలని పంతం.
ఫ్రేజర్ టౌనులో, రిచ్‌మండ్ టౌను కాలేజీ హాల్లో,
ఒకసారి వైట్‌ఫీల్డులో ఎవరిదో రిసెప్షన్‌లో.
అక్కడ వడ్డన మొదలయ్యాక
విన్నది నేనూ, నా మైకూ.

క్లెమెంట్ గిటారు, వాళ్ళ నాయన కోలారు గనికి
ఊపిరితిత్తులిచ్చి తెచ్చుకున్న డబ్బు.
డ్రమ్ముల వెనక నాచప్ప, నవ్వగా నేను చూడలేదు.
పాడేది ఓబులపతి, హిందూపురం వాళ్ళ బిడ్డ,
సిటీ బస్సు కండక్టరు కొడుకు.
స్టేజీ మీద మాత్రం ఓబీ.

పదిహేడోది లింగరాజపురం షెడ్డు. నవంబరు.
రేకుల మీద వాన, నాచప్పకి పోటీగా.
రెండో పాట, మూడో చరణం.
ఓబులపతి నోరు తెరిచాడు, మాట రాలేదు.
క్యాసెట్లో అది అర సెకను.
షెడ్డులో మాత్రం
క్లెమెంట్ తలెత్తి చూసేంత.

అప్పుడు మొదలెట్టాడు,
అదే విదేశీ యాసతో, అదే గుండె పగిలిన గొంతుతో:
శివాజీనగర... కంటోన్మెంట్...
జయమహల్... ఓ మేఖ్రీ సర్కిల్...
హెబ్బాళ దగ్గర గొంతు జీరపోయింది.
యలహంకని సాగదీసి సాగదీసి
పైకి, ఇంకా పైకి ఎక్కించి, అక్కడ వదిలేశాడు.

ఒక్కరూ నవ్వలేదు.
ముందు వరసలో ఇంజనీరింగు పిల్లలు
కళ్ళు మూసుకుని యలహంకా అని తిరిగి పాడారు.
వెనక నుంచి ఎవడో, తెలిసే అరిచాడో తెలియకో,
"రైట్ రైట్!"
సరిగ్గా ఆ దెబ్బ మీద నాచప్ప
మళ్ళీ పాటలోకి దూకాడు.
ఆ వెంటనే వినిపించే దగ్గు నాది.

మొన్న ఆదివారం ఓబులపతి వచ్చాడు.
బట్టతల, మెడలో ఏదో నీళ్ళ ఫిల్టర్ల కంపెనీ ట్యాగు.
కూతురు అడిగిందంట, నువ్వు పాడేవాడివా నాన్నా అని.
"అన్నీ ఫోనులోకి ఎక్కించియ్యన్నా.
ఆ బస్సు ముక్క మాత్రం కోసెయ్.
పాప ముందర పరువు పోతుంది."

ఎక్కడ కొయ్యాలో చూపించు అన్నాను.
బి వైపు పెట్టాను.
వాన. టేపు సొర. మూడో చరణం.
స్టూలు మీద ముందుకు వంగి విన్నాడు,
కుడి బొటనవేలు ఎడమ అరచేతిలో
లేని టికెట్టు చింపుతూ.
పాట అయిపోయింది, చప్పట్లు అయిపోయాయి,
నా దగ్గు కూడా అయిపోయింది.

కొయ్యమంటాడని కత్తెర గుర్తు మీద వేలు పెట్టుకుని ఉన్నాను.

"గంగానగర వదిలేశానన్నా," అన్నాడు,
"మేఖ్రీ సర్కిలుకీ హెబ్బాళకీ మధ్య.
మా నాయన ఉండుంటే
బండి ఆపి తిట్టేవాడు."

ఇంకోసారి పెట్టమన్నాడు.