పేరులేని జ్వరం

పలమనేరు బస్సులో తిరుపతి దాకా
ఒళ్లోనే పెట్టుకొచ్చాను వెదురుబుట్ట.
యాభై రెండు గూళ్లు.
మునికన్నమ్మ ఎంచి ఇచ్చింది:
"విత్తనానికి దాచుకున్నెవి మే, పోగొట్టుకోవాకు."

ఆమె మాటలో పట్టుపురుగు కుబుసం విడవదు,
జ్వరపడతాది.
ఒకటో జ్వరం, రెండో జ్వరం.
ఆ పూట ఆకు వెయ్యకూడదు, తట్ట కదపకూడదు,
షెడ్డులో గట్టిగా దగ్గకూడదు.
తలలెత్తి, ముద్ద ముట్టని పిల్లల్లా వేల పురుగులు.
నాలుగు జ్వరాల దాకా ఆమెకు లెక్క ఉంది.
ఐదోది గూటి లోపల వస్తుంది.
దానికి పేరు పెట్టలేదు,
కంటికి కనపడని జ్వరానికి ఎవరు కాపలా కాస్తారు?

నేను కాస్తున్నాను, జీతం లేని మూడో ఏడు.
గూడు కత్తిరించి, మంచు మీద ప్యూపాను నూరి
ఒక చుక్క పెరాక్సైడ్ వేస్తే
నురగ.

మనం పీల్చే గాలే.
లోపలికెళ్లి ఒక ఎలక్ట్రాన్ ఎక్కువై
పలుపు తెంచుకున్న కోడెలా తిరుగుతుంది.
దారం తీసి తీసి ఒట్టిపోయిన పట్టుగ్రంథిని,
ఆకు నమిలిన కండను
కాల్చి కూలుస్తుంది.
వెనకే కెటలేజ్, నీళ్ల బిందెతో.
అంతా ఆర్పదు.
ఎక్కడ ఆగాలో దానికెవరు చెప్పారో
నా గ్రాఫులో లేదు.

నాలుగో రోజు అంకె ఎక్కింది. ఐదో రోజు ఇంకా.
ఆరో రోజు శేషాచలం మీద ఉరిమి కరెంటు పోయింది.
మంచు కరిగింది. శాంపిళ్లన్నీ పారబోశాను.

రాత్రి ఫోను. "ఏం తేలింది మే?"
"లోపల మంటుంది అవ్వా. ఎక్కువైతే చస్తుంది.
అసలు లేకుంటే రెక్కలు రావు."
కాసేపు ఉలుకూ పలుకూ లేదు.
"నొప్పి ఉంటాదా దానికి?"
మీటరు మీద ఆ గడి లేదు.
"పోనీలే. కిలోకి నూరు పడిపోయింది నిన్న.
మిగతావన్నీ ఆవిరికి పోతాండాయి.
నువ్వు ఒకదాన్నన్నా రెక్క ఇదిలించనియ్యి."
ఎగరనియ్యి అనలేదు.
పట్టుచిలక ఎగరదని ఆమెకు తెలుసు.

పదకొండో రోజు పొద్దున సొరుగు లాగితే
మరిచిపోయిన గూడొకటి, తడిసి చిల్లుపడి.
నోటుబుక్కు మీద తెల్లటి చిలక,
తినడానికి నోరు లేదు, వణికే రెక్కలున్నాయి.
ఆరో రోజు ఖాళీ గడిలో
ఇటుక రంగు మరక, ఇంకా తడిగా.
కాలినదాంట్లో మిగిలింది
కడుపులో మోసుకొచ్చి అక్కడ దింపింది.

తుడవలేదు.
పక్కన తేదీ వేసి,
కిటికీ మూశాను, బల్లులున్నాయని.