ఆటు లేని పోటు

డాక్టరు శైలబాల గారు
ఏం తింటున్నావని అడగలేదు,
ఎప్పుడు తింటున్నావని అడిగింది.
ఇరవై ఆరేళ్ళ సర్వీసులో
నన్నెవరూ అడగని మాట.

ఎప్పుడంటే ఏం చెప్పను?
ఈ వారం ఏ షిఫ్టు, పై వారం బి,
ఆ పై వారం సి.
కోకు ఓవెన్ల దగ్గర అగ్గికి రాత్రీ పగలూ లేదు.
దాని పక్కన నిలబడ్డవాడికి మాత్రం
ఎందుకుంటుందిలే అనుకున్నాను.

జబ్బకి పట్టీ చుట్టి పంపింది.
రోజంతా, అరగంటకోసారి
కొండచిలువ పట్టినట్టు బిగిసేది.
కూర్మన్నపాలెం దాటాక బస్సులో ఓసారి,
హెల్మెట్ బక్కిల్ పెడుతుంటే ఓసారి,
రాత్రి రెండింటికి క్యాంటీన్లో
పులిహోరలో చెయ్యి పెట్టగానే మళ్ళీ,
ఎవరో వద్దొద్దని మోచెయ్యి లాగినట్టు.
దేముళ్ళు నవ్వాడు:
"ఏటి బావా, దెయ్యం గాని పట్టిందేటి?"

మర్నాడు కాగితం మీద గీత చూపించింది.
"రాత్రిపూట బీపీ ఇలా దిగాలి.
మీది దిగడం లేదు."

మా నాయన పెదజాలరిపేటలో తెప్ప వేసినవాడు.
ఆ గీత చూస్తే నాకు తట్టింది ఒకటే:
సముద్రం వెనక్కెళ్ళడం మానేసింది.
ఆటు లేకుండా పోటు మీద పోటొస్తే
ఒడ్డు ఏమవుతుందో
కోతపడ్డ బీచి రోడ్డుకి తెలుసు.
గుండెపోటు అన్న మాట
ఆ రోజు నుంచీ నాకు
ఇంకోలా వినబడుతోంది.

ఒంట్లో ఉండేది ఒక్క గడియారం కాదట.
కళ్ళ వెనకాల పెద్దది,
వెలుగు చూసి కీ ఇచ్చుకుంటుంది.
కాలేయానిదొకటి, క్లోమానిదొకటి,
అవి అన్నం చూసి ముల్లు తిప్పుకుంటాయి.
ఒకటి అర్ధరాత్రంటే ఒకటి మధ్యాహ్నమంటుంది.
ఇద్దరు మేస్త్రీల కింద కూలీ
నా గుండె.

రాత్రయ్యేసరికి క్లోమం
పూర్ణా మార్కెట్లో కొట్టులాగా
షట్టరు దించేస్తుంది.
నేను రెండింటికెళ్ళి దబదబా బాదితే
సగం నిద్రలో లేచి
అదేం తూస్తుంది, ఎంత తూస్తుంది?
తూకం తప్పిన తీపి
నెత్తురు వీధుల్లో తిరుగుతూనే ఉంటుంది.

గవరయ్య పోయింది ఇలాంటి వేళే.
పొద్దున ఆరు, షిఫ్టు దిగాడు,
స్టాండులో సైకిలు మీదికి ఒరిగిపోయాడు,
తాళంచెవి చేతిలోనే ఉంది.
తెల్లారగట్ల బీపీ లేస్తుందట, నెత్తురు చిక్కబడుతుందట,
కోడి కన్నా ముందే.
మేం అప్పుడు తాగుంటాడనుకున్నాం.
గవరయ్య టీ కూడా తాగేవాడు కాదు.

మా ఇంటి కిటికీకి ఎన్నికల ఫ్లెక్సీ కట్టింది పైడితల్లి,
ఎండ రాకుండా.
పగలంతా ఎవడో అభ్యర్థి
దండం పెట్టి నన్ను నిద్రపొమ్మంటాడు.
పక్కింటి కుక్కరు ఒప్పుకోదు.
మూడు కూతలు, నాలుగో కూతకి లేచి కూచుంటాను.

నిన్న మళ్ళీ సి షిఫ్టు.
రెండింటికి క్యారేజీ మూత తీస్తే
మజ్జిగ, దోసకాయ ముక్కలు,
క్యాలెండరు కాగితం మీద పైడితల్లి రాత:
"అన్నం ఇంటికొచ్చి తిను. అది కూడా కొంచెం."
దేముళ్ళు పులిహోర నా వైపు జరిపాడు.
ఇంగువ వాసన.
నాలుగు పల్లీలు ఏరుకు తిన్నాను.
అబద్ధమెందుకు, ఆరు.

షిఫ్టు దిగాక బస్సెక్కలేదు.
గంగవరం వైపు నడిచాను.
నీరు బాగా లోపలికి పోయి ఉంది.
తడి ఇసుకలో ఎర్రపీతలు
కన్నాలు తవ్వుకుంటున్నాయి.
ఎవరి డ్యూటీ చార్టూ చూడకుండా
ఇంత సముద్రం
తన వేళకి తాను వెనక్కి తగ్గింది.

ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాను.
దిగు, దిగు నాయనా, అన్నాను,
జామచెట్టెక్కిన పిల్లాణ్ణి దింపినట్టు,
కేకెయ్యకుండా,
భయపడితే పడతాడని.