నడిమి కుర్చీ

పద్దెనిమిదేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్నాను.
బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు,
మేడమీద గది.
ఇటొక పెట్టె, అటొక పెట్టె,
టేపు పెట్టి కొలిచిన ఎడం,
గచ్చు మీద సుద్దముక్కతో గీసిన ముక్కోణం,
దాని కొసన నేను.
తల అంగుళం జరిగిందా,
వయొలిన్ ఆయన లేచి
కుడివైపు పెట్టెలోకి వెళ్ళిపోయేవాడు.
అందుకని జరిగేవాణ్ణి కాదు,
దోమ కుట్టినా.

హైమ కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడేది.
"పెట్టెలోంచి పాటొస్తోంది, అంతేగా?"
గుమ్మం దగ్గర అంతే వినబడుతుంది, నిజమే.
గదిలో కుర్చీ ఒక్కటే ఉండేది,
అదీ నిజమే.

పాత గుంటూరులో ఖాజావలి లేతు.
అల్యూమినియం దిమ్మ చెక్కి చెక్కి
రెండు బొంగరాలు తీశాడు, చేటంత వెడల్పువి.
ఇప్పుడు స్పీకరు నా మొహం చూడదు,
పైకప్పు కేసి చూస్తుంది.
దాని నోటికి జానెడు ఎత్తున
మొన కిందికి పెట్టి వేలాడే బొంగరం
ప్రతి స్వరాన్నీ పట్టుకుని
చుట్టూ చిమ్ముతుంది,
పెళ్ళిపందిట్లో పన్నీరు చల్లినట్టు,
ఇష్టమైనవాళ్ళనీ కానివాళ్ళనీ చూడకుండా.

మొదటి రాత్రి ఏడుపొచ్చింది.
వయొలిన్ ఆయన లేడు.
అంటే, ఉన్నాడు, గదిలోనే ఎక్కడో,
ఇదుగో అని వేలు పెట్టి చూపలేను.
మృదంగం గోడ దాటి పక్కింటి డాబా మీద పరుచుకుంది.
తంబూరా నా వీపు వెనక బీరువా ఎక్కింది.
నోటుపుస్తకంలో రాసుకున్నాను:
"ముగ్గు మీద నీళ్ళ చెంబు పడ్డట్టుంది."
కొట్టేశాను.
మళ్ళీ రాశాను.

ఆదివారం అందరూ వచ్చారు.
ఖాజావలి చేతులు వెనక్కి కట్టుకుని
గదంతా రెండుసార్లు తిరిగాడు, పొలం కొనేవాడిలా.
"ఎక్కడ నిలబడ్డా అదే పాట సార్.
లేతు తప్పు లేదు."
హైమ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది,
అటు పోపు మాడిపోతోంది.
"ఏమిటిది, ఈవిడ ఇందాకట్నుంచీ
నా పక్కన నిలబడి పాడుతోంది?"

ఏసుపాదం మాత్రం మాట్లాడలేదు.
జిన్నింగు మిల్లు ఆయన ఎడమ చెవిని ఇరవై ఆరేళ్ళు తిని
పింఛను ఇవ్వకుండా పంపేసింది.
ఒకప్పుడు నా కుర్చీ ఇస్తే
మర్యాదకి పది నిమిషాలు కూర్చుని
పనుందని లేచేవాడు.
ఇవాళ మెట్ల మీద కూలబడి
క్యాసెట్ రెండోవైపు అయ్యేదాకా కదల్లేదు.

"నాకు నడిమనేది ఎప్పుడో పోయిందండీ.
ఒంటెద్దు బండిలాగా
ఏ పాటయినా కుడిచేతి పక్కనే నడిచేది.
ఇప్పుడెక్కడుందో నాకు తెలీట్లా.
మీకూ తెలీట్లా.
బావుంది."

అప్పుడే గాలి తిరిగింది యార్డు వైపు నుంచి.
మార్చి నెల, సరుకు మీద సరుకు దిగే రోజులు.
ఏ బస్తా ఘాటో, ఏ కొట్టు లాటో,
ముప్ఫై ఏళ్ళు అక్కడ గుమాస్తాగా లెక్కలు రాసిన నేను
ముక్కుతో చెప్పలేను.
అది ఒకచోట నుంచి రాదు.
ఊరే అది.
నలుగురం ఒకేసారి తుమ్మాం,
పాట మాత్రం ఆగలేదు.

అబద్ధమెందుకు,
పాత పెట్టెలు అమ్మలేదు, మంచం కిందున్నాయి.
ఆ వయొలిన్ ఆయన కమాను ఎక్కడ మొదలై
ఎక్కడ ఆగుతుందో బెత్తెళ్ళలో చెప్పగలను.
కొన్ని రాత్రులు ఆయన నాకు కావాలి,
నా ఒక్కడికే, కళ్ళ ముందు, కదలకుండా.

లేచి వెళ్తాను.
కుర్చీ నిండా హైమ
మడతపెట్టని బట్టలు.