నెత్తి మీద గీత

కావలి ట్రంకురోడ్డు పక్కన నా మీసేవలో
పొద్దున్నించీ సర్వర్ గుండ్రంగా తిరుగుతోంది.
తుమ్మలపెంట నించి వచ్చారు
ప్రవల్లిక, వాళ్ళ అవ్వ,
తువ్వాల్లో ఇరవై రోజుల పిల్ల.

"పేరు?"
"రెనే."
రేణుక కదమ్మా అన్నాను. కాదంది.
రొయ్యల కంపెనీలో తలలు తీసేటప్పుడు
తనిఖీకొచ్చిన ఫ్రెంచావిడ పేరంట.
ఐసుకి పగిలిన ఈమె వేళ్ళు చూసి
సూపర్‌వైజర్ని ఏందో గట్టిగా అడిగిందంట.
మాట తెలీలేదు, గొంతు తెలిసింది.
జేబు మీది అక్షరాలు అరచేతిలో దించుకొచ్చి
కేలండరు వెనక రాసిపెట్టుకుంది.
ఆ ముక్క నా ముందు పరిచింది.
నాలుగో అక్షరం నెత్తిన
చేప ముల్లంత గీత.

"ఈ గీత మిషన్ తీసుకోదు."
"ఎట్టా? అది లేకపోతే ఆమె పేరు కాదుగదా."

ఊరికే కూర్చోలేక ఫోన్లో వెతికాను.
లాటిన్ నించి నడిచొచ్చిన పేరు.
ఒకప్పుడు జ్ఞానస్నానపు నీళ్ళలోంచి
లేచినవాళ్ళకి పెట్టేవాళ్ళట.
ఇప్పుడు ఆ దేశంలో
ఎక్కువగా ముసలమ్మలకే మిగిలిందట.
ఇంతవరకే పైకి చదివాను.

కునుకు తీస్తున్న అవ్వ ఫక్కున నవ్వింది.
"ముసల్దాని పేరే గదంటే!
నా పేరు పెట్టమంటే మూతి తిప్పితివే!"

అవ్వ పేరు పెంటమ్మ.
ముందు ముగ్గురూ పురిట్లోనే పోతే
నాలుగో పిల్లని దిబ్బ మీద పారేసి
పక్కింటామె చేత ఎత్తించి
తవ్వెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు.
రేషన్ కార్డులో ఎవరో జాలిపడి
పెంచలమ్మ అని దిద్దారు.
ఆ పేరుకి ఆమె ఒక్కనాడూ పలకలేదు.
"పెంచలకోన సామి కొన్నాడా నన్ను?
తవుడు పోసి మా యమ్మ కొనింది."

పైకి చదవని ముక్క
ఫోన్లో ఇంకా వెలుగుతోంది:
మళ్ళీ పుట్టినది.

ప్రవల్లికకి చెప్పాలా?
నోరు తెరిచేలోగా సర్వర్ వచ్చింది.
గీత లేకుండానే కొట్టాను.
రసీదు అందుకుని, నా పెన్నే తీసి
నాలుగో అక్షరం నెత్తిన
తనే ఏటవాలుగా గీసింది.
చెల్లదని నేనూ అనలేదు.

మెట్లు దిగుతూ అవ్వ
కొత్త పేరుని బోసినోట్లో నానబెడుతోంది.
రెనే, రేనీ, రేనమ్మా...
"నిన్నెంతకి కొన్నారే తల్లీ?"

నలభై రూపాయలు.
చిల్లర లేక అందులో
ఐదు నేనింకా బాకీ.