లాభం, రెండు, మూడు

బరంపురంలో మూతపడ్డ రైస్ మిల్లు పై అంతస్తు మా క్లాసు.
గోడలకి ఇంకా తవుడు వాసన.
మొదటి వారమంతా ఏడ్చాం.
ఏడవమని ఎవరూ అనలేదు,
నాటకమంటే అదే అనుకున్నాం.
జుని గొమాంగో అందరికంటే బాగా ఏడ్చింది,
మధ్యలో ముక్కు చీది సిగ్గుపడింది.
దేబరాజ్ సార్ అప్పుడు నోరు విప్పారు:
"ఆ ముక్కు చీదడం ఉంచు. ఏడుపు తీసెయ్."

మా తాత రాజు వేషం కట్టేవాడు.
ఇచ్ఛాపురం దాకా ఎడ్లబండి మీద కిరీటం వెళ్లేది.
ఒక్క పద్యం పట్టుకుని
పెట్రోమాక్స్ లైటులో గాలి తగ్గేదాకా లాగేవాడట.
స్టేజీ మీద దగ్గొస్తే
ఆ రాత్రి అన్నం ముట్టేవాడు కాదట.
సార్ మాత్రం దగ్గొస్తే దగ్గమంటారు.
ఇద్దరిలో ఎవరి మాట వినాలో
నా గొంతుకి ఇంకా తెలీదు.

ఖాళీ గ్లాసుతో టీ తాగడం, నెల రోజులు.
చెయ్యి కాలాలి. పెదవి ముందే భయపడాలి.
పొట్నూరు కేశవ ఊదుకుని ఊదుకుని తాగాడు.
"పంచదార ఎంత?" అని అడిగారు సార్.
వాడి దగ్గర జవాబు లేదు.
మర్నాడు స్టేషను ముందు టీకొట్టు దగ్గర
మూడు గంటలు నిలబడి వచ్చాడు,
ఏమీ తాగకుండా.

తర్వాత, ఎవరికి వాళ్లం ఒక పని చూసి రావాలి.
మనిషిని కాదు, పనిని.
ఒకడు సైకిల్ పంచరు తెచ్చాడు,
తొట్టి నీళ్లలో బుడగ కోసం వెతికే కళ్లతో సహా.
జుని కొండ మీంచి కట్టెల మోపు తెచ్చింది,
దించేశాక కూడా
మెడ ఇంకా మోస్తూనే ఉంది.
నేనెక్కడికీ వెళ్లలేదు.
మా ఇంట్లో తెల్లారకముందే అప్పడాల కర్ర కదులుతుంది.
వందకింత అని షావుకారు ఇస్తాడు,
విరిగినవి మా పప్పులోకి.
పుట్టినప్పట్నించీ అమ్మ చేతులు చూస్తున్నాననుకున్నాను.
నోట్‌బుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాకే
పిండిని తిప్పేది కర్ర కాదనీ
ఎడమ చేతి బొటనవేలనీ తెలిసింది.

ప్రదర్శన రోజు బల్ల లేదు, పిండి లేదు, కర్ర లేదు.
మాటలన్నీ ఒడియాలో రాసుకున్నాను.
పక్కింటామెతో నీళ్ల గొడవ, అదీ ఒడియాలోనే.
ఒత్తుతూ మాట్లాడుతున్నాను.
మాట ఆగిన చోట చెయ్యి ఆగలేదు.
చాప మీంచి ఆరినవి తీస్తూ నా పెదవులు
లాభం, రెండు, మూడు అంటున్నాయి.

అది నేను రాసుకున్నది కాదు.

"లాభం మా ఒడియాలోనూ ఉంది,
లెక్కలోకి ఎందుకొచ్చింది?" తర్వాత అడిగారు సార్.
కొలిచేటప్పుడు ఒకటి అనం సార్, లాభం అంటాం.
"రోజంతా ఒత్తితే ఎంతొస్తుంది?"
చెప్పాను.
ఆయన కాసేపు చేతిగడియారానికి కీ ఇచ్చుకున్నారు.
అది కీ ఇచ్చే గడియారం కాదు.
"ఆ మాట తియ్యకు," అన్నారు.

అమ్మ వెనక వరసలో కూర్చుంది,
చెప్పులు విప్పి ఒళ్లో పెట్టుకుని.
ఆటోలో చాలాసేపు ఏమీ అనలేదు.
గేట్ బజారు మలుపులో అంది:
"నలపై ఒకటే సేసినావు.
సివర్ది దళసరి.
సావుకారు తీసుకోడు."

అలా కాదని నా ఎడమ చెయ్యి లాక్కుంది,
బొటనవేలు కాస్త లోపలికి వంచింది,
మళ్లీ ఒత్తమంది.
ఒత్తాను.
ఆటో గతుకులో పడింది.
లేని కర్ర కింద పడకుండా
ఇద్దరం ఒక్కసారే పట్టుకున్నాం.